క్లీవ్: ఒక్క మాటలా కనిపించే రెండు మాటలు

ఇంగ్లండులో 1611లో అచ్చయిన జేమ్స్ రాజు బైబిల్లో ఆదికాండం రెండో అధ్యాయం తీసి చూడండి. పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యతో ‘క్లీవ్’ అవుతాడని ఉంటుంది. తెలుగు బైబిల్లో అదే చోట ‘హత్తుకొనును’ అని ఉంది. అక్కడినుంచి ఇరవై అధ్యాయాలు ముందుకు వెళ్తే అబ్రాహాము పొద్దున్నే లేచి దహనబలికి కట్టెలు సిద్ధం చేస్తుంటాడు. అక్కడా ఇంగ్లీషులో అదే క్రియ, కాకపోతే ‘క్లేవ్’ అనే భూతకాల రూపంలో. తెలుగులో మాత్రం ‘చీల్చి’. గ్రంథం ఒకటే, క్రియా ఒకటే. భార్య విషయంలో హత్తుకోవడమైన మాట కట్టెల విషయంలో చీల్చడమైంది.

ఆ ఒక్క చోటే కాదు. కీర్తనల్లో నాలుక అంగిటికి అంటుకుపోవడానికి ఇదే మాట (137వ కీర్తన), నేలమీద కట్టెలు చీల్చడానికీ ఇదే మాట (141వ కీర్తన). మధ్యలో మూడంటే మూడే కీర్తనలు. ఆనాటి పాఠకులు తికమకపడ్డారనుకోవడానికి ఆధారమేమీ లేదు. తికమకంతా తర్వాతి తరాలది.

ఈ వింత పజిల్ పుస్తకాలకు మంచి మేత. తనకు తానే వ్యతిరేకమైన మాటలను ఇంగ్లీషులో ‘కాంట్రొనిమ్’ అనీ, రెండు ముఖాల రోమన్ దేవుడి పేరుమీద ‘జేనస్ పదాలు’ అనీ అంటారు. ఆ జాబితా ఎవరు రాసినా మొదటి వరుసలో ‘క్లీవ్’ ఉంటుంది. ‘ఒకే మాట, రెండు వ్యతిరేకార్థాలు, భాష ఎంత చిత్రమైనదో చూశారా’ అని ఒక ఆశ్చర్యార్థకం పెట్టి వదిలేస్తారు.

నాకు ఆ ఆశ్చర్యార్థకంతోనే పేచీ. ‘క్లీవ్’ ఒక మాట కాదు. రెండు మాటలు. వేర్వేరు ఇళ్లలో పుట్టి, వేర్వేరు దారుల్లో నడిచి, ఒక మలుపు దగ్గర ఢీకొని ఒకే రూపంలో ఇరుక్కుపోయాయి.

తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. నది అనే అర్థంలో ‘ఏఱు’కు పాత తెలుగులో బండి ఱ ఉండేది. రాళ్లు ఏరడంలోని ‘ఏరు’కు మామూలు రేఫ. మొదట నోట్లో ఆ రెండు ధ్వనుల తేడా పోయింది, ఆ తర్వాత రాతలోనూ పోయింది. ఇప్పుడు రెండూ ‘ఏరు’ అనే రాస్తున్నాం. రేపెవరో వచ్చి, కొండల్లోంచి రాళ్లను ఏరుకొస్తుంది కాబట్టే నదికి ఏరని పేరొచ్చిందని చెప్పారనుకోండి. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. బండి ఱ తెలిసినవాళ్లు మాత్రం నవ్వి ఊరుకుంటారు.

‘క్లీవ్’కు కూడా అలాంటి చెరిగిపోయిన గుర్తులున్నాయి. వాటికోసం వెయ్యేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

రెండు ఇళ్లు

పాత ఇంగ్లీషులో చీల్చడానికి ‘క్లేఒవన్’ అనేవాళ్లు, అంటుకోవడానికి ‘క్లివియన్’. రాతలో రెండింటి మధ్యలోనూ ఎఫ్ అక్షరమే ఉండేది గానీ, రెండు అచ్చుల నడుమ పడింది కాబట్టి దాన్ని వకారంలా పలికేవాళ్లు. చెవికి ఈ రెండూ ఒకటి కావు, వ్యాకరణంలో అసలే కావు. చీల్చే మాట బలక్రియ. అంటే సింగ్, శాంగ్, సంగ్ లాగా కాలాన్నిబట్టి కడుపులోని అచ్చును మార్చుకునే రకం. దాని భూతకాలం ‘క్లేఆఫ్’, చీలినది అనడానికి ‘క్లోవెన్’. అంటుకునే మాట బలహీన క్రియ. లోపలి అచ్చును కదపకుండా చివర ఒక ప్రత్యయం తగిలించుకుని ‘క్లివొదె’ అయ్యేది. రెండింటినీ కలిపి చూసే ప్రమాదం ఆనాటివాళ్లకు లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంగ్లీషు, జర్మన్, డచ్చి లాంటి జర్మానిక్ భాషల తల్లి దగ్గర, అంతకుముందు సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు అన్నీ పంచుకున్న ఆ ప్రాచీన మూలభాష దగ్గర కూడా ఇవి వేర్వేరు ధాతువులే. ఒకటి ‘గ్లెఉభ్’ లాంటిది, కోయడం, చీల్చడం, తొక్క ఒలవడం అనే అర్థాలతో. రెండోది ‘గ్లెఇ’ లాంటిది, జిగటగా ఉండటం, అంటుకోవడం అనే అర్థంతో. ఈ రూపాలు ఏ శాసనంలోనూ దొరికినవి కావు. పిల్ల భాషలను పక్కపక్కన పెట్టి, తల్లి ఇలా ఉండి ఉండాలని పండితులు కట్టి చూపించినవి.

గకారంతో మొదలైన ధాతువు ఇంగ్లీషులో కకారం ఎలా అయింది? 1822లో జర్మన్ భాషావేత్త యాకబ్ గ్రిమ్ క్రమబద్ధంగా చూపించిన ధ్వని పరిణామం ఇది. మూలభాషలోని గకారం జర్మానిక్ భాషల్లో కకారమైంది. ఆజానుబాహుడు అన్నప్పుడు మనం వాడే ‘జాను’, అంటే మోకాలు, లాటిన్లో ‘గెను’, ఇంగ్లీషులో ‘నీ’. ఆ ఇంగ్లీషు మాట స్పెల్లింగు ముందు ఇప్పుడెవరూ పలకని కే అక్షరం ఊరికే నిలబడి ఉంటుంది చూడండి, అది ఈ మార్పుకు మిగిలిన గుర్తే. అదే దారిలో మన రెండు ధాతువులూ ‘క్ల’ తలతో ఇంగ్లీషులోకి వచ్చాయి. అప్పటికి తల ఒకటైనా లోపలి అచ్చు వేరు.

ఆ అచ్చు తేడా మధ్య ఇంగ్లీషు కాలంలో పోయింది. ‘క్లివియన్’కు ‘క్లెఒవియన్’ అనే ఇంకో ఉచ్చారణ ముందునుంచే ఉండేది. అచ్చులు సాగి, చివరి ప్రత్యయాలు అరిగిపోయాక రెండు క్రియలూ ‘క్లేవెన్’ అనే ఒకే రూపానికి చేరాయి. పద్నాలుగో శతాబ్దం వచ్చేసరికి ఒకదాని భూతకాలాలు ఇంకోదానికి తగిలించడం కూడా మొదలైంది. తర్వాత ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ తమ స్థానాలు మార్చుకున్న రోజుల్లో ఈ ‘ఏ’ కాస్తా ‘ఈ’ అయ్యి, నేటి ‘క్లీవ్’ తయారైంది.

ఇదే జంట జర్మన్‌లో కలిసిపోలేదు. చీల్చడం ‘క్లీబెన్’, అంటుకోవడం ‘క్లేబెన్’. మొదటిది ఇప్పుడు దక్షిణ ప్రాంతాల మాండలికాల్లో తప్ప పెద్దగా వినపడదు, రెండోది జిగురు సీసా ఉన్న ప్రతి ఇంట్లోనూ వినపడుతుంది. డచ్చిలో ‘క్లీవెన్’, ‘క్లేవెన్’. ఒక్క అచ్చు తేడాతో అన్నదమ్ముల్లా కనిపిస్తారు గానీ అన్నదమ్ములు కారు, ఇరుగుపొరుగువాళ్లు.

ఫ్రాయిడ్ పడిన గుంట

ఈ ఇరుగుపొరుగు తేడా గమనించకపోతే ఎంత పెద్దవాళ్లయినా బోల్తా పడతారు. కార్ల్ ఆబెల్ అనే జర్మన్ భాషావేత్త 1884లో ఒక పుస్తకం వేశాడు. ఆదిమ భాషల్లో ఒకే మాట రెండు వ్యతిరేకార్థాలనూ మోసేదని ఆయన వాదం. చీకటి తెలియకుండా వెలుగు తెలియదు కాబట్టి, ఆదిమానవుడు రెండింటికీ కలిపి ఒకే మాట పెట్టుకున్నాడట. ప్రాచీన ఈజిప్టు భాషనుంచి ఉదాహరణలిచ్చి, ఆ లక్షణం యూరప్ భాషల్లోనూ మిగిలిందని జంటలు చూపించాడు. ఆ జంటల్లో ఒకటి జర్మన్ ‘క్లేబెన్’ (అంటుకోవడం), ఇంగ్లీషు ‘క్లీవ్’ (చీల్చడం).

ఇది 1910లో సిగ్మండ్ ఫ్రాయిడ్ చేతికి చిక్కింది. కలల్లో ‘కాదు’ అనేది ఉండదని, ఒక వస్తువు తన వ్యతిరేకం రూపంలోనూ కనిపించవచ్చని ఆయన అంతకుముందే రాసి ఉన్నాడు. ఆబెల్ పుస్తకం ఆయనకు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. భాష పుట్టుకలోనే ఈ ద్వైధం ఉందంటే కల చేసే పని ఆదిమ భాష చేసిన పనే కదా! ఫ్రాయిడ్ ఒక వ్యాసం రాసి ఆబెల్ ఉదాహరణలను మళ్లీ వల్లించాడు. ‘క్లీవ్’ కూడా వాటితోపాటే మనస్తత్వశాస్త్రంలో అడుగుపెట్టింది.

దీన్ని నిలబెట్టి కడిగినవాడు ఫ్రెంచి భాషాశాస్త్రజ్ఞుడు ఎమిల్ బెన్వెనిస్త్. 1956లో రాసిన వ్యాసంలో ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఇంగ్లీషు ‘క్లీవ్’ చీల్చడమైనప్పుడు దాని జర్మన్ జోడీ ‘క్లేబెన్’ కాదు, ‘క్లీబెన్’. అగాధం అనే అర్థమున్న జర్మన్ మాట ‘క్లుఫ్ట్’ కూడా ఆ ఇంటిదే. ఆబెల్ ఒక ఇంటి పెళ్లికొడుకును ఇంకో ఇంటి పెళ్లికూతురి పక్కన కూర్చోబెట్టి, ఇద్దరి ముఖాలూ పెడగా ఉన్నాయేమిటని ఆశ్చర్యపోయాడన్నమాట.

ఫ్రాయిడ్ కలల సిద్ధాంతం దీనితో కూలిపోయిందని నేననను. దానికి వేరే స్తంభాలున్నాయి, వాటి సంగతి వేరే చర్చ. కానీ భాషను సాక్షిగా పిలిచినప్పుడు సాక్షి ఎవరో తెలుసుకుని పిలవాలి. ధ్వని సూత్రాలు చూడకుండా పోలికతోనే వరసలు కలిపే అలవాటు ఆబెల్‌తో పోలేదు. మన మాటల మీదా రోజూ జరుగుతూనే ఉంది.

చెడిపోయిన రూపాలు, మిగిలిన ముక్కలు

ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకు ఈ ఢీ వల్ల నిజంగా కలిగిన ఇబ్బంది అర్థంలో కన్నా రూపాల్లో ఎక్కువ. చీల్చడానికి భూతకాలం ఏమిటి? క్లేవ్, క్లోవ్, క్లెఫ్ట్, క్లీవ్డ్, అన్నీ వాడారు. చీలినది అనడానికి క్లోవెన్, క్లెఫ్ట్, క్లీవ్డ్. అంటుకోవడానికి భూతకాలం న్యాయంగా క్లీవ్డ్ ఒక్కటే ఉండాలి. కానీ రూతు తన అత్తను విడవకుండా అంటిపెట్టుకున్నప్పుడు జేమ్స్ రాజు బైబిల్లో వాడింది ‘క్లేవ్’. అబ్రాహాము కట్టెలకు వాడినదీ ఆ ‘క్లేవే’. అంటే వర్తమానం కలిసిపోయింది చాలక భూతకాలం కూడా కలిసిపోయింది.

ఇలాంటప్పుడు జనం నిఘంటువు తెరిచి కూర్చోరు. మాట మార్చేస్తారు. చీల్చడానికి ‘స్ప్లిట్’ వచ్చింది. పదహారో శతాబ్దం చివర్లో డచ్చి భాషనుంచి దిగుమతైన మాట ఇది. మొదట్లో ఓడ రాతికి కొట్టుకుని బద్దలవడానికి వాడేవారు, అంటే నావికుల వెంట ఒడ్డుకు చేరిన మాట. అంటుకోవడానికి ‘స్టిక్’ ఎటూ ఉంది. రెండూ పొట్టివి, గట్టివి, అనుమానం లేనివి. ‘క్లీవ్’ రెండు అర్థాల్లోనూ మెల్లగా సాహిత్యపు అటక మీదికి చేరింది. నేడు మామూలు సంభాషణలో ఎవరైనా దాన్ని వాడితే కొంచెం ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నట్టే ఉంటుంది.

అయినా చదివేటప్పుడు ఎదురవుతుంది కాబట్టి గుర్తుపట్టే ఉపాయం ఒకటి చెబుతాను. ‘క్లీవ్’ వెనకాల ‘టు’ గానీ, పాత రచనల్లో ‘అన్‌టు’ గానీ ఉంటే అది అంటుకునేది. నేరుగా కర్మ వచ్చి పడితే, లేదా ‘త్రూ’, ‘ఇన్ టూ’ (రెండుగా) లాంటివి పక్కన ఉంటే చీల్చేది. వాక్యంలో చూస్తే అనుమానం దాదాపుగా రాదు. ఒంటరిగా జాబితాలో నిలబెట్టినప్పుడే అది రెండు ముఖాల మాటగా కనిపిస్తుంది.

క్రియ అటకెక్కినా దాని ముక్కలు ఇంగ్లీషు అంతటా చెల్లాచెదురుగా ఉన్నాయి. పాత భూతకాల రూపాల్లో ఒక్కొక్కటీ ఒక్కో చోట గడ్డకట్టుకుపోయింది. పశువుల చీలిన గిట్ట ఎప్పుడూ ‘క్లోవెన్’ మాత్రమే. అంగిలి చీలికతో పుట్టిన బిడ్డ విషయంలో ఎప్పుడూ ‘క్లెఫ్ట్’ మాత్రమే. ఒకదాని చోట ఇంకోటి పెడితే వ్యాకరణం ఒప్పుకున్నా చెవి ఒప్పుకోదు. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘క్లెఫ్ట్ స్టిక్‌లో ఉన్నాను’ అంటే ముందుకూ వెనక్కూ పోలేని స్థితి, మనం అడకత్తెరలో పోకచెక్క అంటామే, అది. మాంసం కొట్టే వెడల్పాటి కత్తి ‘క్లీవర్’.

వెల్లుల్లి రెబ్బను ఇంగ్లీషులో ‘క్లోవ్’ అంటారు. గడ్డ చీలి రెబ్బలవుతుంది కాబట్టి ఇది చీల్చే ఇంటి పిల్లే. మరి లవంగాన్నీ ‘క్లోవ్’ అనే అంటారు కదా? అది వేరే. ఫ్రెంచిలో మేకును ‘క్లూ’ అంటారు, లాటిన్లో ‘క్లావుస్’. లవంగం చిన్న మేకులా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఒక చిన్న మాటలో మళ్లీ రెండు ఇళ్లవాళ్లు! రెబ్బ చీల్చినదానినుంచి వచ్చింది, లవంగం దిగగొట్టేదానినుంచి వచ్చింది. ఇక ‘క్లోవ్ హిచ్’ అనే ముడి ఉంది. తాడును స్తంభానికి బిగించే ఈ ముడి చూడ్డానికి రెండు సమాంతర పాయలుగా చీలినట్టుంటుంది, అందుకే ఆ పేరు. కట్టిపడేసే ముడికి చీలిక పేరు పెట్టడంలో ఎవరికీ తప్పు కనిపించలేదు.

దూరపు చుట్టాలు ఇంకా తమాషాగా ఉంటారు. గ్రీకులో చెక్కడాన్ని ‘గ్లూఫెయిన్’ అంటారు. అది మన ‘గ్లెఉభ్’ ధాతువుదే. అక్కడినుంచే ‘గ్లిఫ్’, పవిత్రమైన చెక్కడం అనే అర్థంతో ‘హైరోగ్లిఫ్’. లాటిన్లో తొక్క ఒలవడం ‘గ్లూబెరె’. అందులోంచి గడ్డిజాతి గింజల పొట్టుకు వృక్షశాస్త్రంలో ‘గ్లూమ్’ అనే పేరొచ్చింది. కసాయి కత్తీ, ఈజిప్టు బొమ్మల లిపీ, గింజ పొట్టూ ఒకే వంశమన్నమాట.

అవతలి ఇంట్లో బంకమట్టి ఉంది. ఇంగ్లీషు ‘క్లే’ అంటుకునే ధాతువు బిడ్డ. జిగురుకు ‘గ్లూ’, గోధుమపిండిలో సాగే పదార్థానికి ‘గ్లూటెన్’ కూడా ఆ ఇంటివే. అయితే ఈ రెండూ లాటిన్, ఫ్రెంచిల మీదుగా అరువొచ్చాయి కాబట్టి గకారం చెక్కుచెదరలేదు. సొంత మాటైన ‘క్లే’ మాత్రం గ్రిమ్ చెప్పిన మార్పుకు లోనై కకారంతో ఉంది. ఇక ‘క్లీవర్స్’ అనే కలుపుమొక్క. కాండం మీదా ఆకుల మీదా ఉండే సన్నటి కొక్కేల వల్ల నడిచేవాళ్ల బట్టలకు, జంతువుల బొచ్చుకు అతుక్కుపోతుంది, మన ఉత్తరేణి గింజల్లాగే. కత్తి ‘క్లీవర్’ చీల్చే ఇంటిది, మొక్క ‘క్లీవర్స్’ అంటుకునే ఇంటిది. మధ్యలో ఉన్నది ఒక్క స.

చీలడం వేరు, పగలడం వేరు

పాత క్రియ అటకెక్కినా దాని నామవాచకం ‘క్లీవేజ్’ను పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఖనిజశాస్త్రం కిందికి దించింది. ఈ మాటను ఇప్పుడు చాలామంది సినిమా వార్తల్లోనే విని ఉంటారు. ఆ అర్థం మొదట అచ్చులో కనిపించింది 1946లో, అమెరికన్ వారపత్రిక టైమ్‌లో. హాలీవుడ్ సెన్సారు కార్యాలయంవాళ్లు నటీమణుల దుస్తుల మెడ కోత ఎంతవరకు ఉండొచ్చో చర్చించుకోవడానికి వాడిన పని మాట అది. రాళ్ల శాస్త్రంనుంచి సెన్సారు వాళ్లదాకా రావడానికి నూటపాతికేళ్లకు పైగా పట్టింది. ఆ తర్వాత పాత అర్థం చెప్పాలంటే భూగర్భశాస్త్రం మాస్టార్లకు క్లాసులో నవ్వులు ఆపడమే పనైంది.

ఖనిజశాస్త్రంలో దీని అర్థం చాలా నిక్కచ్చిగా ఉంటుంది. ఏ రాయైనా కొడితే విరుగుతుంది. కానీ కొన్ని స్ఫటికాలు ఎప్పుడు కొట్టినా కొన్ని దిశల్లోనే, నున్నటి తలాలుగా విడిపోతాయి. అదే క్లీవేజ్. ఇష్టం వచ్చినట్టు విరిగితే దాన్ని ‘ఫ్రాక్చర్’ అంటారు. తెలుగులో మనకు ఈ తేడా సిద్ధంగా ఉంది. కర్ర చీలుతుంది, కుండ పగులుతుంది. అభ్రకం చీలుతుంది, క్వార్ట్జ్ పగులుతుంది. అభ్రకంలో అణువులు పొరల లోపల గట్టిగా, పొరకూ పొరకూ మధ్య బలహీనంగా పట్టుకుని ఉంటాయి. అందుకే గోరుతో కూడా రేకులు లేపవచ్చు. క్వార్ట్జ్‌లో అన్ని దిశల్లోనూ పట్టు ఇంచుమించు ఒకటే, విడిపోవడానికి సులువైన దారంటూ లేదు. అందుకని గాజులా, గవ్వ లోపలి వంపులతో విరుగుతుంది.

కాల్సైటును ఎంత చిన్న ముక్కలు చేసినా ప్రతి ముక్కా అదే వాలు పెట్టె ఆకారంలో ఉంటుంది. ఫ్రాన్సులో రెనె జ్యుస్త్ అయుయి అనే మతాచార్యుడు దీన్నిబట్టే స్ఫటికాలన్నీ ఒకే ఆకారపు చిన్న చిన్న ఇటుకల పేర్పని ఊహించి 1784లో పుస్తకం వేశాడు. చేతిలోని స్ఫటికం జారిపడి పగలడంతో ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెప్పుకుంటారు. అణువుల అమరికను ఎక్స్‌రేలతో చూసే రోజులకు నూరేళ్లకు పైగా ముందు, చీలిన ముఖాలు చూసే ఆయన లోపలి అమరికను దాదాపు పసిగట్టాడు.

వజ్రం అన్నిటికన్నా గట్టిదంటారు. గీతకు లొంగదు నిజమే, సరైన దిశలో ఒక్క దెబ్బ పడితే మాత్రం రెండవుతుంది. 1905లో దక్షిణాఫ్రికాలో 3,106 క్యారట్ల కలినన్ వజ్రం దొరికింది. బరువు 600 గ్రాముల పైచిలుకు. దాన్ని చీల్చే పని ఆమ్‌స్టర్‌డామ్‌లో యోజెఫ్ అస్చెర్‌కు అప్పగించారు. రాయిమీద చిన్న గాడి చేసి, అందులో ఉక్కు పలక నిలిపి, 1908 ఫిబ్రవరి 10న దెబ్బ వేస్తే పలక విరిగింది, రాయి చెక్కుచెదరలేదు. ఇంకో ప్రయత్నంలో అనుకున్న తలం వెంటే చీలింది. చివరికి అందులోంచి తొమ్మిది పెద్ద రాళ్లు, 96 చిన్నవి తయారయ్యాయి. చీల్చడానికి ముందు వజ్రాన్ని చాలాకాలం చూస్తూ కూర్చోవడమే అసలు పని. దెబ్బకు పట్టేది క్షణం.

పలక రాయి సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. అది మొదట నీటి అడుగున పేరుకున్న బంకమన్ను, అంటే ఇందాకటి ‘క్లే’. భూమి లోపలి ఒత్తిడికి అందులోని సన్నటి రేకు ఖనిజాలన్నీ ఒకే వైపుకు తిరిగి సర్దుకుంటాయి. ఆ వరస వెంటే రాయి పల్చటి పలకలుగా లేస్తుంది. ఆ గుణం పేరు ‘స్లేటీ క్లీవేజ్’. అంటుకునే ఇంటి మట్టి ఒత్తిడికి గురై చీలే ఇంటి రాయి అయింది.

ఇవన్నీ చూశాక నాకనిపించేది ఏమిటంటే, ‘క్లీవ్’ అసలు పట్టు ‘స్ప్లిట్’కు పూర్తిగా రాలేదు. గొడ్డలితో చెట్టును అడ్డంగా నరకడం క్లీవ్ కాదు. మొద్దును నిలబెట్టి పీచు వెంట రెండు చేయడం క్లీవ్. ఎక్కడ విడిపోవాలో వస్తువులో ముందే రాసి ఉంటుంది, చేతికి ఆ గీత తెలియాలి.

రాజకీయశాస్త్రంవాళ్లు కూడా ఈ అర్థంలోనే దాన్ని తీసుకున్నారు. 1967లో సేమూర్ మార్టిన్ లిప్‌సెట్, స్టైన్ రొక్కాన్ పశ్చిమ యూరప్ పార్టీలు ఎలా పుట్టాయో చెబుతూ నాలుగు క్లీవేజ్‌లు చూపించారు. కేంద్రానికీ అంచు ప్రాంతాలకూ, రాజ్యానికీ చర్చికీ, భూమికీ పరిశ్రమకూ, యజమానికీ కార్మికుడికీ మధ్య ఉన్నవి. రోజూ వచ్చే అభిప్రాయభేదాలు వాళ్ల లెక్కలో క్లీవేజ్ కావు. తరాల తరబడి నిలిచి, గీతకు ఇటువైపున్న వాళ్లందరినీ ఒకటిగా అంటిపెట్టి ఉంచేదే క్లీవేజ్.

జీవశాస్త్రంలో ఫలదీకరణం చెందిన అండం మొదటి కొన్ని విభజనలను ‘క్లీవేజ్’ అంటారు. ఆ దశలో మొత్తం పరిమాణం పెరగదు, ఉన్నదే చిన్న చిన్న కణాలుగా చీలుతుంది. డీఎన్ఏను కోసే ఎంజైములకూ ఇదే క్రియ. ‘ఈకో ఆర్ ఒన్’ అనే ఎంజైము జీ, ఏ, ఏ, టీ, టీ, సీ అనే వరస ఎక్కడుంటే అక్కడ జీకీ ఏకీ మధ్య కోస్తుంది. రెండు పోగుల్లోనూ అలాగే కోస్తుంది కాబట్టి కోత మెట్టులా పడి, నాలుగేసి అక్షరాల తోకలు బయటికి వేలాడతాయి. వీటికి ప్రయోగశాలల్లో పెట్టుకున్న పేరు ‘స్టికీ ఎండ్స్’, అంటే అంటుకునే కొనలు. అదే ఎంజైముతో కోసిన ఇంకే ముక్క ఎదురైనా వాటికి జత కుదురుతుంది.

మన వైపు నుంచి చూస్తే

చీలికకు ఇంగ్లీషు వాడే మిగతా మాటల్లో కొన్ని మనకు నేరుగా చుట్టాలు. సంస్కృత ‘భిద్’ ధాతువునుంచి మనకు భేదం, భిన్నం వచ్చాయి. లాటిన్లో దాని జోడీ ‘ఫిండెరె’, అందులోంచి ‘ఫిషర్’, ‘ఫిషన్’. ఇంగ్లీషు ‘బైట్’, అంటే కొరకడం, ఈ ధాతువుదే. యురేనియం కేంద్రకం రెండుగా చీలుతుందని 1939 ఫిబ్రవరిలో లీజ మైట్నర్, ఒట్టో ఫ్రిష్ ప్రకటించినప్పుడు దానికో పేరు కావలసివచ్చింది. కణం రెండవడాన్ని మీరేమంటారని ఫ్రిష్ ఒక జీవశాస్త్రజ్ఞుడిని అడిగి, ఆయన చెప్పిన ‘ఫిషన్’నే తీసుకున్నాడు. తెలుగులో మనం విచ్ఛిత్తి అన్నాం. అది ‘భిద్’ కాదు, ‘ఛిద్’. దీని గ్రీకు చుట్టం ‘స్ఖిజెయిన్’, అందులోంచి మతశాఖల చీలికకు ‘స్కిజమ్’, పొరలుగా విడిపోయే రాయికి ‘షిస్ట్’. అంటే అణువు పగిలినప్పుడు ఇంగ్లీషు భేదం వైపు వెళ్లింది, తెలుగు ఛేదం వైపు వెళ్లింది.

మరి నిజంగా ఒకే మాట తిరగబడి తన వ్యతిరేకమైన సందర్భాలు లేవా? ఉన్నాయి. ఇంగ్లీషులో ‘శాంక్షన్’ అంటే అనుమతి, శాంక్షన్ అంటే ఆంక్ష. అక్కడ కలిసిన రెండు మాటలు లేవు. శాసనం అనే ఒకే మూలం రెండు కొమ్మలైంది. మనకు ఇంకా మంచి ఉదాహరణ చేతిలోనే ఉంది. సంధి అంటే కలయిక. రెండు అక్షరాలు కలిస్తే సంధి, ఇద్దరు రాజులు కలిస్తే సంధి. దాని తద్భవం ‘సందు’. సందు అంటే ఖాళీ, రెండు గోడల మధ్య ఎడం, రెండు పలకల మధ్య నెర్రె. కలయికనుంచి ఎడం పుట్టింది.

ఇది తెలుగు చేసిన గారడీ కాదు. సంస్కృతంలోనే సంధికి గోడలో దొంగ వేసే కన్నం అనే అర్థం ఉంది. శూద్రకుడి మృచ్ఛకటికంలో మూడో అంకం పేరే సంధిచ్ఛేదం. చారుదత్తుడి ఇంటి గోడ ముందు నిలబడి శర్విలకుడనే దొంగ కన్నం ఏ ఆకారంలో తవ్వాలా అని కళాకారుడిలా తర్జనభర్జన పడతాడు. విచ్చిన పద్మంలానా, సూర్యుడిలానా, నెలవంకలానా, పూర్ణకుంభంలానా అని. అతడు తవ్వేది సంధి. ఇటుక ఇటుకతో కలిసే చోటు పేరే, ఇటుక ఊడి వచ్చే చోటుకూ పేరైంది. అభ్రకంలో పొర పొరతో కలిసే చోటే పొర లేచే చోటు కదా, అలాగే. ఆబెల్‌కు కావలసిన ఉదాహరణ ఇదీ. పాపం, ఆయన ‘క్లీవ్’ దగ్గర ఆగిపోయాడు.

చీల్చడం, అతకడం ఒకే చేతిలో జరిగే పనులు కొన్ని ఉన్నాయి. ఆప్టికల్ ఫైబర్ తెగితే అతికే టెక్నీషియన్ ముందు చేసేది ఇంకాస్త తెంపడం. రెండు కొనలనూ ఒక చిన్న పరికరంలో పెట్టి, పోగుకు లంబంగా, అద్దంలా నున్నగా చీలేలా చేస్తాడు. కొన కాస్త వాలినా అతుకు దగ్గర కాంతి వృథాగా పోతుంది. ఆ పరికరం పేరు క్లీవర్. తర్వాత కొనలను ఎదురెదురుగా పెట్టి కరిగించి కలిపే యంత్రం పేరు స్ప్లైసర్.

ఈ ‘స్ప్లైస్’ కూడా ‘స్ప్లిట్’లాగే డచ్చి నావికులనుంచి వచ్చింది. రెండూ దగ్గరి బంధువులు. రెండు తాళ్లను ముడి లేకుండా కలపాలంటే ముందు రెండు కొనల పురి విప్పి పాయలు పాయలుగా చీల్చాలి, ఆపైన ఒకదాని పాయల్లోకి ఇంకోదాని పాయలు దూర్చి అల్లుకురావాలి. అలా చీల్చే మాట అతికే మాటైంది. కొన్నాళ్లకు అది తాళ్లను దాటి మనుషుల దగ్గరికీ వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు వాడుక భాషలో ఎవరైనా పెళ్లి చేసుకుంటే, అతడు స్ప్లైస్ అయ్యాడు అనేవాళ్లు.